పీర్జాదిగూడ: తూర్పు హైదరాబాదు కుదురుకున్న తీరు

పీర్జాదిగూడ మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా మేడిపల్లి మండలంలోని నివాస ప్రాంతం. ఉప్పల్ రింగ్ రోడ్డు నుంచి వరంగల్ వైపు సాగే 163వ నంబరు జాతీయ రహదారిని ఆనుకొని ఉంటుంది. రోడ్డుకు అవతల బోడుప్పల్, తూర్పున మేడిపల్లి, దక్షిణాన పర్వతాపూర్ దాటితే మూసీ. 2016 దాకా ఇది రంగారెడ్డి జిల్లా ఘట్‌కేసర్ మండలంలో ఒక గ్రామ పంచాయతీ. ఆ ఏడాది పర్వతాపూర్, మేడిపల్లిలతో కలిసి పురపాలక సంఘమైంది. 2019లో నగరపాలక సంస్థ అయింది. 2025 డిసెంబరులో చుట్టుపక్కల పట్టణ సంస్థలతో పాటు గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థలో కలిసిపోయింది. ఇక్కడ ఇల్లు కట్టుకొని కదలకుండా కూర్చున్న మనిషి కూడా పదేళ్లలోపే గ్రామ, పట్టణ, నగర, మహానగర వాసి అనే నాలుగు హోదాలూ చూసేశాడన్నమాట. పీర్జాదిగూడ పేరు ఎత్తగానే ‘కొత్త శివారు’ అనే మాట తోడొస్తుంది. కొత్తది కాబట్టి లోపాలున్నాయి, పాతబడితే అవే సర్దుకుంటాయి అన్నది ఆ మాట వెనక ఉన్న నమ్మకం. తార్నాక నుంచి ఇక్కడిదాకా ఉన్న నివాస ప్రాంతాలను వరుసగా పరిశీలిస్తే ఆ నమ్మకం నిలవదు. ఒక పేట కుదురుకోవడానికి దాని వయసు కన్నా, ఇల్లు ముందు వచ్చిందా, రోడ్డూ నీళ్లూ మురుగు కాలువా ముందు వచ్చాయా అన్నదే ముఖ్యం. తూర్పు హైదరాబాదులో కేంద్రం నుంచి దూరం పెరిగినకొద్దీ ఈ వరుస తిరగబడుతూ వచ్చింది. అది పూర్తిగా తలకిందులైన చోటు పీర్జాదిగూడ.

ఈ గొలుసుకు మొదటి కొస తార్నాక, హబ్సిగూడ. లాలాగూడ రైల్వే వర్క్‌షాపు 1893 నాటిది. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం తరువాత అడిక్‌మెట్ దగ్గరి విశాలమైన ఆవరణలో స్థిరపడింది. నేటి రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీకి మూలమైన ప్రయోగశాలలను నిజాం ప్రభుత్వం 1944లో నెలకొల్పింది. పోషకాహార పరిశోధన సంస్థ 1958లో కూనూరు నుంచి ఇక్కడికి తరలివచ్చింది. 1961లో భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ, 1967లో ఉప్పల్‌లో సర్వే ఆఫ్ ఇండియా శిక్షణ కేంద్రం, 1977లో జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ మొదలయ్యాయి. ఇన్ని ప్రభుత్వ సంస్థలు ఒకే దారిలో వరుసగా రావడం నగరంలో మరోచోట అరుదు. ఈ సంస్థల ఉద్యోగులకు నెల జీతం, క్వార్టర్లు, ఇంటి రుణం, సహకార గృహ సంఘం ఉండేవి. వాళ్లు ఇల్లు కట్టే నాటికి ఆఫీసు బస్సు తిరిగే రోడ్డు ఉంది, పిల్లల బడి ఉంది, దవాఖానా ఉంది. హబ్సిగూడ వీధులకు నేటికీ నంబర్లే పేర్లు. ఇళ్లకు ముందే ఎవరో కాగితం మీద గీత గీశారనడానికి అది గుర్తు. ఇప్పుడు ఆ వీధుల్లో పాత డాబాలు పడగొట్టి అపార్ట్‌మెంట్లు లేపుతున్నారు. అయినా ఆ వీధుల వెడల్పు ఆ భారాన్ని చాలావరకు మోస్తోంది.

రెండో లంకె నాచారం. ఇక్కడ ప్రయోగశాల స్థానంలో కర్మాగారం వచ్చింది. నాచారం, మల్లాపూర్, ఉప్పల్ పారిశ్రామిక వాడలు, ఉత్తరాన 1967లో మొదలైన ఈసీఐఎల్, 1971లో వచ్చిన అణు ఇంధన సముదాయం, ఇవన్నీ కలిసి తూర్పు వైపు పెద్ద శ్రామిక ప్రాంతాన్ని తయారు చేశాయి. షెడ్లలో మందులు, ప్లాస్టిక్, తిండి సరుకులు, ఇంజనీరింగు విడిభాగాలు తయారయ్యేవి. నందమూరి తారక రామారావు కుటుంబానికి చెందిన రామకృష్ణ స్టూడియో కూడా ఈ షెడ్ల పొరుగునే ఉంది. హెచ్‌ఎంటీ నగర్, స్నేహపురి వంటి కాలనీలు ఉద్యోగులతో నిండాయి. వాటి వెనక, సందుల్లో, షిఫ్టు పనివాళ్ల గదులు పుట్టుకొచ్చాయి. ఈఎస్‌ఐ ఆసుపత్రి ఉందంటే, ఇక్కడి జనంలో జీతం నుంచి చందా కోత పడే కార్మికులు ఎంతమందో ఊహించవచ్చు. పనిచేసే చోటు పక్కనే ఉండడం వల్ల నాచారానికి ఒక గట్టి కాలి నడక జీవితం అబ్బింది. పొగ, రసాయనాల వాసన, బోర్లలో రంగు మారిన నీళ్లు కూడా అదే పొరుగు తెచ్చిపెట్టినవే. కుదురుకోవడం అంటే సుఖపడడమే అని ఎవరైనా అనుకుంటే నాచారం వారికి జవాబు చెబుతుంది.

ఉప్పల్ ఈ రెంటికీ కూడలి. ఉప్పల్ కలాన్ పురపాలక సంఘం 2007 ఏప్రిల్ 16న మరో పదకొండు పురపాలక సంఘాలతో పాటు గ్రేటర్‌లో విలీనమైంది. 2005 నవంబరులో భారత్, దక్షిణాఫ్రికా వన్డేతో ఇక్కడి క్రికెట్ మైదానం అంతర్జాతీయ పటంలోకి ఎక్కింది. 2017 నవంబరులో నాగోలు నుంచి మెట్రో కదిలింది. 2023 జూన్‌లో రింగ్ రోడ్డు మీద పాదచారుల స్కైవాక్ తెరిచారు. అయితే ఉప్పల్‌కు అసలు బలం బస్సులది. యాదగిరిగుట్ట, భువనగిరి, జనగామ, హనుమకొండ వైపు వెళ్లేవాళ్లు నగరాన్ని వదిలేదీ ఇక్కడే, తిరిగి వచ్చి దిగేదీ ఇక్కడే. పీర్జాదిగూడ పుట్టుకను అర్థం చేసుకోవాలంటే ఈ బస్సుల దగ్గర కాసేపు ఆగాలి. హైదరాబాదుకు వలస వచ్చిన కుటుంబం సాధారణంగా సొంతూరి దారిలోనే ఇల్లు వెతుక్కుంటుంది. పండక్కి, పెళ్లికి, చావుకి నగరం అడ్డంగా దాటకుండా పోగలగాలి. ఊళ్లో పొలం చూసుకునే తండ్రికి ఒంట్లో బాగోకపోతే రెండు గంటల్లో చేరగలగాలి. వరంగల్, నల్గొండ జిల్లాల ఉపాధ్యాయులు, బ్యాంకు గుమాస్తాలు, ఆర్టీసీ సిబ్బంది, రిటైరైన చిన్న ఉద్యోగులు ఉప్పల్ దాటి ఈ రోడ్డు వెంట గజాలు కొన్నది ఈ లెక్కతోనే. తార్నాకను ప్రభుత్వ సంస్థలూ నాచారాన్ని కర్మాగారాలూ నిలబెడితే, పీర్జాదిగూడను నిలబెట్టిన యజమాని అంటూ ఎవరూ లేరు. ఒక రోడ్డు, దాని పక్కన ఉప్పల్ కన్నా చవకగా దొరికిన నేల, అంతే.

ఆ నేల మీద లేచిన ఇంటిని దగ్గరగా చూస్తే ఈ వాదన సగం అక్కడే కనబడుతుంది. ప్లాటు 150 గజాలో, 200 గజాలో. తూర్పు ముఖమైతే ధర ఒక మెట్టు ఎక్కువ. గేటు పక్కన సంపు, మరో మూలన బోరు, ఒకప్పుడు వెనక సెప్టిక్ ట్యాంకు. కింద రెండు పోర్షన్లు, పైన యజమాని, ఆపైన రేకుల గదో పెంట్‌హౌసో. మెట్లు ఎప్పుడూ బయటి నుంచే, అద్దెకున్నవాళ్లు యజమాని గడప తొక్కకుండా పైకి పోయేలా. మొదటి అంతస్తుకు పిల్లర్లు లేపినప్పుడే పైకి ఇనుప చువ్వలు వదిలేస్తారు. డబ్బు చేతికి వచ్చిన ఏడు మరో అంతస్తు వేస్తారు. ఈ ఇంట్లో బతుకూ బతుకుదెరువూ రెండూ ఉన్నాయి. కింది పోర్షన్ల అద్దె బ్యాంకు వాయిదాకో, రిటైరయ్యాక పింఛనుకు తోడుగానో పనికొస్తుంది. గేటు ముందు వాహనం ఎక్కడానికి పోసిన సిమెంటు వాలు రోడ్డులోకి రెండడుగులు చొచ్చుకు వస్తుంది. ఎదురింటి వాలు అవతలి నుంచి రెండడుగులు తింటుంది. ఇరవై అయిదు అడుగుల వీధిలో చెత్త బండి, నీళ్ల ట్యాంకరు ఎదురెదురుగా వస్తే ఒకటి వెనక్కి పోవాల్సిందే. ఈ ఇళ్లలో చాలావాటికి గృహప్రవేశం నాడు వీధి కాలువ లేదు, మంచినీటి కుళాయి లేదు, దీపం స్తంభం ఉందో లేదో కాలనీ సంఘం తిరుగుడును బట్టి ఉండేది. సిమెంటు రోడ్డు ఇంటికి కొన్నేళ్ల తరువాత వచ్చింది. అది ఇంటి గడప కన్నా ఎత్తుగా వచ్చి, వానాకాలం నీళ్లను వరండాలోకి పంపింది కూడా.

ఈ తలకిందుల వ్యవహారానికి కారణం ప్రజల తొందరపాటు మాత్రమే అనడం సులువు. కానీ రాజ్యం లెక్క రాసుకున్న తీరు చూడండి. 2011 జనగణన పీర్జాదిగూడను సెన్సస్ టౌన్‌గా నమోదు చేసింది. ఆ గుర్తింపుకు జనాభా కనీసం 5,000 ఉండాలి. పురుష శ్రామికుల్లో 75 శాతం వ్యవసాయేతర పనుల్లో ఉండాలి. చదరపు కిలోమీటరుకు కనీసం 400 మంది ఉండాలి. లెక్కల్లో పట్టణమే. పాలనలో మాత్రం మరో అయిదేళ్లు గ్రామ పంచాయతీ. నాలుగైదు గదుల కార్యాలయం, ఒక కార్యదర్శి, పరిమిత సిబ్బంది, గ్రామానికి తగ్గ పన్నులు. కాలనీలు మాత్రం కెనరా నగర్ నుంచి బుద్ధానగర్ దాకా పట్టణ స్థాయిలో కిక్కిరిసి ఉన్నాయి. డ్రైనేజీకి ఇంజనీరును పెట్టుకునే స్తోమత, ఎత్తుపల్లాల కొలతతో మొత్తం ఊరికి ఒకే కాలువ ప్రణాళిక వేసే అధికారం పంచాయతీకి ఎక్కడివి? అందుకే ఎవరి కాలనీ వాలు వారిదే అయింది. ఒక వెంచరు కాలువ పక్క వెంచరు ప్రహరీ దగ్గర ఆగిపోయింది.

దీనికి మొదటి అభ్యంతరం సిద్ధంగా ఉంటుంది: నగరాభివృద్ధి సంస్థ హుడా గానీ, 2008 తరువాత దాని స్థానంలో వచ్చిన హెచ్‌ఎండీఏ గానీ ఆమోదించని పంచాయతీ లేఅవుట్లలో తెలిసి తెలిసి కొన్నారు కదా, మరి సౌకర్యాలు లేవని ఏడవడం దేనికి? ఇందులో నిజం లేకపోలేదు. పార్కుకు వదలాల్సిన స్థలం కూడా ప్లాట్లుగా కోసి అమ్మినవాళ్లున్నారు, ఆ సంగతి తెలిసే తక్కువ ధరకు కొన్నవాళ్లూ ఉన్నారు. అయితే ఆమోదం పొందిన లేఅవుటు ధర ఆ కొనుగోలుదారు జీతానికి అందేది కాదు. ఉద్యోగులకు క్వార్టర్లు కట్టే సంస్థల కాలం 1990ల తరువాత చాలావరకు ముగిసింది. ప్రభుత్వ గృహ పథకాలు ఈ తరగతికి అంతగా అందలేదు. ఆ పైన, రిజిస్ట్రేషన్ శాఖ ఈ ప్లాట్లకు స్టాంపు రుసుము వసూలు చేసి దస్తావేజు ఇచ్చింది, విద్యుత్ సంస్థ మీటరు బిగించింది, బ్యాంకులు కొన్నిటికి రుణం ఇచ్చాయి. అన్ని చేతులూ తాకిన పాపాన్ని చివరి కొనుగోలుదారు ఒక్కడి నెత్తిన పెట్టడం న్యాయం కాదు.

ప్రభుత్వం కూడా ఒక విధంగా ఇదే ఒప్పుకుంది. అక్రమ లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం 2008లో, 2015లో, మళ్లీ 2020 ఆగస్టు 31 నాటి 131వ నంబరు ఉత్తర్వుతో వచ్చింది. చివరిదానికి రాష్ట్రమంతటా 25 లక్షలకు పైగా దరఖాస్తులు పడ్డాయి. ఎల్‌ఆర్‌ఎస్ అనే మూడక్షరాలు ఈ కాలనీల్లో రేషన్ కార్డంత పరిచితం. ఆ నిబంధనల్లో ఒకటి ఇక్కడ ముఖ్యం. లేఅవుటులో పది శాతం ఖాళీ స్థలం వదలకపోతే ప్లాటు విలువలో 14 శాతం ఖాళీ స్థల రుసుము కట్టాలి. డబ్బు కట్టినవాడి కాగితం సక్రమమవుతుంది. పార్కు మాత్రం ఆ వీధిలోకి రాదు, ఎందుకంటే దాని చోట ఇప్పటికే మూడంతస్తులున్నాయి. వయసుతో అన్నీ సర్దుకుంటాయనే వాదన ఇక్కడ పూర్తిగా కూలిపోతుంది. కుళాయి నీళ్లు ఆలస్యంగా రావచ్చు, వచ్చాయి కూడా. కృష్ణా జలాల తొలి దశ 2004లో నగరానికి చేరినా, జలమండలి పరిధి ఔటర్ రింగ్ రోడ్డు దాకా విస్తరించాకే శివారు కాలనీలకు ట్యాంకరు బాధ తగ్గడం మొదలైంది. కరెంటు, రోడ్డు, బస్సు కూడా ఆలస్యంగా వచ్చి సర్దుకునేవే. ఖాళీ జాగా, వీధి వెడల్పు, వాననీటి దారి ఆలస్యంగా వచ్చే సరుకులు కావు. మొదటి రోజు వదిలితేనే ఉంటాయి.

వాననీటి సంగతే తీసుకుంటే, 2020 అక్టోబరు 13న ఘట్‌కేసర్ దగ్గర సింగపూర్ టౌన్‌షిప్‌లో 32 సెంటీమీటర్ల వాన కురిసింది. తూర్పు హైదరాబాదులో చాలా చోట్లు మునిగాయి. కుదురుకున్న ప్రాంతమని పైన చెప్పిన హబ్సిగూడ, దాని పక్కన రామంతాపూర్ రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. మరి ముందు రోడ్డు, తరువాత ఇల్లు అన్న వరుస హబ్సిగూడను ఎందుకు కాపాడలేదని అడగవచ్చు. ప్రశ్న సరైనదే. అక్కడ కూడా గీసిన గీతలన్నీ వీధులకే పరిమితమయ్యాయి. రామంతాపూర్ చెరువు నుంచి దిగువకు పోయే నీటికి ఎవరూ గీత గీయలేదు. ఉన్న అలుగు దారులను కూడా తరువాతి ఇళ్లు మింగాయి. వరుస సరిగా ఉన్న చోట కూడా ఆ ఒక్క అంశంలో వరుస తప్పితే ఫలితం అదే. పీర్జాదిగూడకు ఇది హెచ్చరిక కింద లెక్క, ఎందుకంటే దాని దిగువన ఉన్నది చెరువు కాదు, మూసీ.

మూసీ వైపు పీర్జాదిగూడకు మరో చరిత్ర ఉంది. కాలనీల హడావిడిలో అది మరుగున పడింది. నగరం మురుగంతా మోసుకొచ్చే ఆ నీటితో ఇక్కడా పర్వతాపూర్‌లోనూ రైతులు దశాబ్దాల పాటు పారా గడ్డి, ఆకుకూరలు, వరి పండించారు. గడ్డిని కట్టలు కట్టి నగరంలోని గేదెల పాకలకు అమ్మేవారు. ఏడాది పొడవునా కోతకు వచ్చే పంట కాబట్టి కూలీలకు, ముఖ్యంగా ఆడవాళ్లకు, రోజూ పని దొరికేది. 2000 దశకం తొలి ఏళ్లలో అంతర్జాతీయ జల నిర్వహణ సంస్థ పరిశోధకులు మురుగునీటి సేద్యం గురించి చేసిన అధ్యయనాల్లో ఈ ఊళ్లు కనిపిస్తాయి. తరువాత ఎగువన అంబర్‌పేటలో రోజుకు 339 మిలియన్ లీటర్లు, నాగోలులో 172 మిలియన్ లీటర్లు శుద్ధి చేసే కేంద్రాలు వచ్చాయి. గడ్డి మడులు మాత్రం నీళ్లు మారినందువల్ల కన్నా, నేల ధర మారినందువల్లే ఎక్కువగా తరిగిపోయాయి. పారా గడ్డి మడి దుర్వాసనే కావచ్చు, వరద వచ్చినప్పుడు నీళ్లు నిలవడానికి అది చోటు కూడా. కాలనీ ఆ పని చేయలేదు.

కుదురుకున్న నివాస ప్రాంతం అనే మాటకు ప్రపంచంలో మరోచోట ఏమి అర్థం చెప్పుకున్నారో చూస్తే తేడా తెలుస్తుంది. కెనడాలోని ఎడ్మంటన్ నగరం 2001లో పాత పేటలకు ప్రత్యేక నిర్మాణ నిబంధనలు తెచ్చింది. సుమారుగా 1970కి ముందు కట్టినవాటిని పరిణత నివాస ప్రాంతాలని పిలిచింది. అక్కడ వెడల్పాటి స్థలంలో ఒంటి అంతస్తు ఇల్లు, వెనక సందు, బడి, మైదానం అన్నీ ముందే అమరాయి. వాళ్లకు వచ్చిన చిక్కు మరొకటి: పిల్లలు పెద్దవాళ్లై వెళ్లిపోయి, జనం పలచబడి, బడులు ఖాళీ కావడం. అందుకే 2024 జనవరి నుంచి అమలైన కొత్త జోనింగు చట్టం ఒకే స్థలంలో ఎనిమిది నివాసాల దాకా కట్టుకోనిచ్చింది. చుట్టుపక్కల పాత కాపులు కొందరు దీన్ని గట్టిగానే వ్యతిరేకించారు. ఎడ్మంటన్ చట్టం చేసి తెచ్చుకుంటున్న సాంద్రతను పీర్జాదిగూడ పైకి వదిలిన ఇనుప చువ్వలతో ఏనాడో సాధించింది. లేనిది వాళ్ల బడి మైదానం. అక్కడి నివాసుల సంఘాలకు 1917 నుంచి చరిత్ర ఉంది, వాటికి సొంత భవనాలు, మంచు మీద ఆడే రింకులు ఉన్నాయి. ఇక్కడి కాలనీ సంక్షేమ సంఘం ఎక్కువ కాలం చందాలతో బోరు వేయించడానికి, వీధి దీపాలు పెట్టించడానికి, వినతిపత్రం పట్టుకొని తిరగడానికి సరిపోయింది. ఈ సంఘాలను తక్కువ చేసి చూడడం తగదు. యజమాని సంస్థా, పురపాలక సంఘమూ లేని చోట ఆ రెంటి పనీ చేసినవి అవే. కానీ సంఘం తన కాలనీ గేటు దాటి ఆలోచించలేదు, ఒక వెంచరు కాలువ పక్క వెంచరు ప్రహరీ దగ్గర ఆగిపోవడానికి అదీ ఒక కారణం.

మరో అభ్యంతరం కొలువుల గురించి. ఉద్యోగాలన్నీ పడమటి వైపు మాదాపూర్, గచ్చిబౌలిలో ఉండగా పీర్జాదిగూడ ఎప్పటికీ పడక గది లాంటి శివారుగానే మిగులుతుందని, దాన్ని నాచారంతో ఒకే గొలుసులో కలపడం తప్పని అనవచ్చు. ఉప్పల్‌లో జెన్‌ప్యాక్ట్, పోచారంలో ఇన్ఫోసిస్ ఆవరణ ఉన్నాయి. ఐటీని నగరం నలుమూలలకూ విస్తరించాలని 2020లో రాష్ట్ర ప్రభుత్వం గ్రిడ్ విధానం ప్రకటించింది. అవి తెచ్చిన కొలువులు పడమటి లెక్కలో చిన్నవే, నిజమే. అయితే కొలువంటే ఐటీ ఒక్కటే అనుకుంటేనే ఈ అభ్యంతరం నిలుస్తుంది. ప్రధాన రహదారి వెంట హార్డ్‌వేర్ దుకాణాలు, కోచింగ్ సెంటర్లు, డయాగ్నొస్టిక్ ల్యాబులు, టిఫిన్ బండ్లు, ఇంటి కింది పోర్షన్‌లో కుట్టు మిషన్లు, బ్యూటీ పార్లర్లు, ప్లేస్కూళ్లు ఉన్నాయి. ఇవి చాలావరకు ఎవరి ఆమోదం కోసమూ ఆగకుండా మొదలయ్యాయి. వరుస తిరగబడడం వల్ల కలిగిన నష్టాలన్నీ చెప్పాక ఈ లాభాన్ని దాచడం సరికాదు. కచ్చితమైన జోనింగు ఉన్న చోట ఇంటి కింద ల్యాబు పెట్టనివ్వరు. ఈ బతుకుదెరువులను ఎక్కువగా దెబ్బతీసింది రోడ్డే. ఉప్పల్ నుంచి నారపల్లి దాకా ఆరు కిలోమీటర్లకు పైగా సాగాల్సిన ఎలివేటెడ్ కారిడార్‌కు 2018 మేలో శంకుస్థాపన జరిగింది. ఏళ్ల తరబడి స్తంభాలు నిలబడి, కింద గుంతలు, దుమ్ము, బారికేడ్లు మిగిలాయి. రోడ్డు మీదే పుట్టిన ఊరికి ఆ రోడ్డే అడ్డమైంది.

2025 డిసెంబరు విలీనంతో పెద్ద బడ్జెట్, అనుభవం ఉన్న ఇంజనీర్లు వస్తారు, కాలువలను కాలనీ సరిహద్దులు దాటించి కలపగలిగే అధికారమూ వస్తుంది. పంచాయతీకి లేనిదల్లా అదే కాబట్టి ఇది చిన్న మార్పు కాదు. 2007లో చేరిన ఉప్పల్ కలాన్ అనుభవం చూస్తే రోడ్లు, దీపాలు, చెత్త సేకరణ మెరుగయ్యాయి. అక్కడి నల్లచెరువు ఆక్రమణల సంగతి మాత్రం 2024లో ఆక్రమణలు తొలగించే సంస్థ హైడ్రా పుట్టాక గానీ గట్టిగా కదలలేదు. వరుసను ముందే సరిగా పెట్టవచ్చనడానికి పక్కనే ఉప్పల్ భగాయత్ ఉంది. మూసీ ఒడ్డు రైతుల నుంచి సేకరించిన భూమిలో హెచ్‌ఎండీఏ రోడ్లు, కాలువలు, విద్యుత్తు ముందు వేసి, భూమి ఇచ్చినవాళ్లకు అభివృద్ధి చేసిన ప్లాట్లు పంచి, మిగిలినవాటిని 2019 నుంచి వేలం వేసింది. వెడల్పాటి వీధులు, వదిలిన ఖాళీ స్థలాలు, మెట్రో పక్కనే. ఆ వేలంలో పలికిన ధరలు చూస్తే, పీర్జాదిగూడలో 150 గజాలు కొన్న ఉపాధ్యాయుడు, ఆర్టీసీ కండక్టరు అక్కడ పాట పాడే స్థితిలో లేరు. ముందు సౌకర్యం, తరువాత ఇల్లు అనే వరుసను ఆ జీతాలకు అందే ధరలో అమలు చేసిన లేఅవుటు ఈ రోడ్డు మీద ఇంకా రాలేదు.